పెట్టుడు కాలు వచ్చినా నాన్నగారు నాలుగడుగులకే కూర్చుంటున్నారంటే ముందు ఏం చూడాలి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్ పుండు ముదిరి నాలుగు నెలల కిందట కుడి కాలు మోకాలి కింద తీసేశారు. నెలన్నర కిందట ఒక శిబిరంలో కొలతలు తీసి కాలు ఇచ్చారు. ఇంట్లో వేసుకుంటే నాలుగడుగులకే నొప్పి అని కూర్చుంటున్నారు. ఇప్పుడది బీరువా పక్కన నిలబెట్టి ఉంది. చుట్టాలు "ఆయనకి పట్టుదల లేదు" అంటున్నారు. లక్షలు పెట్టి ఇంకా మంచి కాలు కొందామా అని మీ ప్రశ్న. లేని పాదం రాత్రిళ్లు మంటలు పెడుతోందని ఆయన అంటున్నట్టు కూడా రాశారు.

కృత్రిమ కాళ్లు చేసి, బిగించి, దగ్గరుండి నడిపించే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. పట్టుదల మాట ఇంట్లో ఇంక ఎవరినీ ఎత్తనివ్వకండి. నాలుగడుగులకే కూర్చునే మనిషి నా దగ్గరికొస్తే, ఎందుకు నడవట్లేదని అడగను. సాకెట్, అంటే పెట్టుడు కాలి పైన మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం, విప్పించి స్టంపు, అంటే కోయగా మిగిలిన కాలు, చూస్తాను. పదిమందిలో ఎక్కువమందికి జవాబు అక్కడే దొరుకుతుంది. నొప్పి అనేది సాకెట్ ఎక్కడ తప్పు చోట మోస్తోందో చెప్పే సమాచారం. దాన్ని ఓర్చుకోమనడం ఎవరికైనా తప్పే. షుగర్ ఉన్నవాళ్లకైతే ప్రమాదం కూడా.

ముందు స్టంపు లోపల ఏం జరుగుతోందో చెప్తాను. ఆపరేషన్ తర్వాత అది వాచి ఉంటుంది. ఆ వాపు దిగుతూ, వాడకం లేని కండ తగ్గుతూ, మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా స్టంపు సన్నబడుతూనే ఉంటుంది. కొందరికి ఏడాదిన్నర కూడా పడుతుంది. శిబిరంలో కొలత తీసిన రోజు ఉన్న స్టంపు ఇవాళ లేదు. సాకెట్ మాత్రం ఆ రోజు కొలతలోనే ఉంది.

మోకాలి కింద తీసిన కాలికి బరువంతా స్టంపు చివర మీద పడకూడదు. మోకాలి చిప్పకి సరిగ్గా కింద వేలు పెట్టి నొక్కితే గట్టిగా, అడ్డంగా కొంచెం లోపలికి దిగే చోటు ఉంటుంది. అది చిప్పని కింది ఎముకకి కలిపే స్నాయువు. అక్కడ, మోకాలికి లోపలి వైపు ఎముక వెడల్పుగా విచ్చుకునే చోట, పిక్క వెనక కండ మీద బరువు పంచుకునేలా సాకెట్ మలుస్తాం. బరువు అస్సలు పడకూడని చోట్లు కూడా ఉన్నాయి. కాలికి బయటి వైపు మోకాలి కింద గుండ్రంగా చేతికి తగిలే చిన్న ఎముక తల ఒకటి, ముందువైపు ఎముక అంచు ఒకటి, కోసిన ఎముక చివర ఒకటి. స్టంపు సన్నబడగానే అది సాకెట్‌లో ఉండాల్సిన దానికంటే లోతుకి జారిపోతుంది. అప్పుడు మోయాల్సిన చోట్లు ఖాళీగా ఉండి, మోయకూడని చోట్లు మోస్తాయి. నాన్నగారు ఎక్కడ నొప్పి అంటున్నారో వేలు పెట్టి చూపించమనండి. చిప్ప కింది అంచు దగ్గరో, అడుగునో చూపిస్తే దాదాపుగా ఇదే సంగతి. మా దగ్గర దీన్ని పట్టుకోవడానికి చిన్న మట్టి ముద్ద సాకెట్ అడుగున వేసి, కాలు తొడిగించి నిలబెడతాం. తీసి చూస్తే ముద్ద కొంచెం అణిగి ఉంటే సరిగ్గా ఉన్నట్టు. కాగితంలా పల్చబడితే స్టంపు అడుగు కొడుతోందని అర్థం.

దీనికి మొదటి మందు సాక్స్. కాలితో పాటు స్టంపుకి తొడిగే మందపాటి సాక్స్ ఇచ్చి ఉంటారు. ఒక ప్లై, మూడు ప్లై, ఐదు ప్లై అని వాటికి మందం ఉంటుంది. ఉదయం ఒక మందం సరిపోతుంది, సాయంత్రానికి స్టంపు ఇంకాస్త దిగి లూజ్ అవుతుంది. అప్పుడు కూర్చుని, కాలు విప్పి, ఒక ప్లై కలిపి మళ్లీ తొడుక్కోవాలి. ఇది రోజూ చేసుకోవాల్సిన పని అని శిబిరాల్లో చాలామందికి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. స్టంపు పూర్తిగా లోపలికి దిగకపోతే ఒక సాక్స్ తీయాలి. దిగి, చిప్ప కింద గుచ్చుకుంటుంటే ఒకటి వేయాలి. సాక్స్‌లో ఒక్క మడత కూడా ఉండకూడదు. కుట్టు బయటివైపు ఉండేలా చూడండి. వేసవిలో చెమటకి తడిసిన సాక్స్ మధ్యాహ్నం మార్చాలి. పది ప్లై దాటి వేయాల్సి వస్తోందంటే ఇంక సాక్స్‌తో నెట్టుకురాలేం, సాకెట్ మార్చాల్సిందే. మొదటి సాకెట్ ఏడాదిలోపే మార్చాల్సి రావడం మామూలు విషయం, ఇందులో ఎవరి తప్పూ లేదు.

విప్పాక స్టంపు చూడటం ఇంట్లో ఒకరి పనిగా పెట్టుకోండి. మోయాల్సిన చోట్ల కొంచెం కందినట్టు ఉండి, పది పదిహేను నిమిషాల్లో పోతే మంచిదే. ఇరవై నిమిషాలైనా పోకపోయినా, ఎముక తల మీదో చివర్లోనో ఉన్నా, ఆ రోజుకి కాలు ఆపేయండి. మన చర్మం రంగుకి ఎరుపు అంత తేలిగ్గా కనపడదు. నలుపు తిరగడం, మెరుపు రావడం చూడండి. చేతి వెనక భాగం ఆనించి వేడి చూడండి. షుగర్ వల్ల ఆయనకి చర్మంలో స్పర్శ తగ్గి ఉండొచ్చు. బొబ్బ లేచినా తెలియదు. అడుగు భాగం చూడటానికి చిన్న అద్దం వాడండి. బొబ్బ గానీ గాటు గానీ ఉంటే మానేదాకా కాలు వేయకూడదు, ఎంత ముఖ్యమైన పెళ్లి ఉన్నా సరే. స్టంపుని రాత్రి మామూలు సబ్బుతో కడిగి తుడిచి ఆరనివ్వాలి. ఉదయం నూనెలు, క్రీములు రాసి సాకెట్ వేయకూడదు. సాకెట్ లోపల వేసే మెత్తటి తొడుగుని, అంటే లైనర్‌ని, రోజూ కడగాలి. కాలు వేసుకోని సమయమంతా స్టంపుకి ఎలాస్టిక్ బ్యాండేజీ గానీ ష్రింకర్ సాక్స్ (వాపు దించడానికి బిగుతుగా పట్టి ఉంచే తొడుగు) గానీ ఉండాలి. లేకపోతే రాత్రికి మళ్లీ వాచి పొద్దున్నే సాకెట్‌లో దూరదు.

రెండోది మోకాలు. ఆయన్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. కుడి మోకాలి వెనక భాగం పరుపుకి తగులుతోందా? నాలుగు నెలలుగా స్టంపు కింద దిండు పెట్టుకుని, రోజంతా కుర్చీలో కూర్చుని ఉంటే మోకాలు, తుంటి రెండూ వంగిపోయి బిగుసుకుంటాయి. నొప్పిగా ఉందని దిండు పెట్టేది ఇంట్లోవాళ్లే, ప్రేమతోనే. కానీ అది నడకని దెబ్బతీస్తుంది. మోకాలు నిటారుగా రాకపోతే నిలబడినంతసేపూ తొడ కండ ఒక్కటే బరువు లాగాలి. అది నాలుగడుగులకే అలసిపోతుంది. ఈ రోజు నుంచే దిండు తీసేయండి. కుర్చీలో కూర్చున్నప్పుడు స్టంపుని ఒక పీట మీద చాపి ఉంచండి. రోజుకి రెండు మూడుసార్లు ఇరవై నిమిషాల చొప్పున బోర్లా పడుకోబెట్టండి. బోర్లా పడుకోవడం చాలామంది పెద్దవాళ్లకి చిరాకు. టీవీ ఎదురుగా మంచం తిప్పితే కొంచెం ఓపిక పడతారు. గుండె జబ్బు ఉండి బోర్లా పడుకోలేకపోతే ఫిజియోతో వేరే పద్ధతి అడగండి.

ఇక చెప్పుల సంగతి. మన ఇళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా దగ్గరికి తిరిగొచ్చే సమస్యల్లో మాత్రం దీనికి పెద్ద వాటా ఉంది. గుంటూరు వైపు నుంచి ఒక మిర్చి రైతు వచ్చేవారు. మా దగ్గర బూట్లు వేసుకుని బాగా నడిచి వెళ్లారు. నెల తర్వాత వచ్చి "ఇంటికెళ్తే కాలు వెనక్కి తోస్తోందండీ, గట్టెక్కుతున్నట్టు ఉంటోంది" అన్నారు. నడిచి చూపించమంటే చక్కగా నడిచారు. బూట్లు విప్పి నడవమన్నాను. మొదటి అడుగులోనే మోకాలు వెనక్కి తన్నింది, నడుం ముందుకి వంగింది. ఆ పాదాన్ని బూటు మడమ ఎత్తుకి సరిపెట్టి బిగించాం. ఇంట్లో ఆయన చెప్పులు గుమ్మం బయట విడుస్తారు. మడమ ఆ కాస్త కిందికి దిగేసరికి కాలి గొట్టం మొత్తం వెనక్కి వాలింది. అదే ఎత్తు మడమ ఉన్న చెప్పులు ఇంట్లోకి వేరేగా కొన్నాక ఇబ్బంది తీరింది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. చదునుగా బిగించిన పాదానికి మడమ ఎత్తున్న చెప్పు వేస్తే మోకాలు ముందుకి మడతపడి మనిషి పడిపోతాడు. నాన్నగారికి కొలత తీసిన రోజు కాలికి ఏముంది, ఇంట్లో ఏముంది అని గుర్తు చేసుకోండి. ఎలాగూ షుగర్ కాబట్టి ఎడమ పాదానికి ఇంట్లో కూడా చెప్పు ఉండాల్సిందే. రెండు కాళ్లకీ ఒకే ఎత్తు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ కొనండి. హవాయి చెప్పులు కృత్రిమ పాదం మీద నిలవవు.

"కాలు చాలా బరువుగా ఉంది" అని కూడా అంటున్నారని రాశారు. డెబ్భై కిలోల మనిషికి మోకాలి కింది సొంత కాలే నాలుగు కిలోల దాకా ఉంటుంది. పెట్టుడు కాలు అందులో సగం ఉండొచ్చు. అయినా బరువనిపిస్తుంది, ఎందుకంటే అది ఎముకకి అతుక్కుని లేదు, వేలాడుతోంది. అడుగెత్తినప్పుడల్లా స్టంపు మీద నుంచి కిందికి జారి, మోపినప్పుడు పైకి తోస్తుంటే బరువు ఇంకా పెరిగినట్టుంటుంది. కాలు జారకుండా పట్టి ఉంచే బెల్టు గానీ స్లీవ్ (సాగే తొడుగు) గానీ బిగుతుగా ఉందా చూడండి. సాక్స్ సరిచేసి, పట్టు సరిచేస్తే "బరువు తగ్గించారా?" అని అడిగినవాళ్లు నాకు తెలుసు. ఏమీ తగ్గించలేదు.

ఇవన్నీ సరిచేశాకే నడక నేర్పడం. మొదటి రోజు వేసుకోవడం పదిహేను ఇరవై నిమిషాలే. విప్పి, స్టంపు చూసి, బాగుంటే మళ్లీ ఇంకోసారి. రోజురోజుకీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. రెండువైపులా పట్టుకుని నడక నేర్చుకునే కడ్డీలు, ప్యారలల్ బార్స్, ఊళ్లో ఉండవు. వరండాలో స్తంభాలకి రెండు వెదురు గడలు ఆయన మణికట్టు ఎత్తులో, గట్టిగా, కదలకుండా కట్టండి. ఎదురుగా నిలువుటద్దం పెట్టండి. మొదటి వారం నడిపించకండి. నిలబెట్టండి. కుడివైపుకి ఒరిగి బరువు వేయడం, మళ్లీ ఎడమకి రావడం. బరువు చూసే మిషన్ ఒకటి పెట్టుడు కాలి కింద, అంతే ఎత్తు పీట రెండో కాలి కింద పెట్టండి. సగం బరువు వేశాననుకుంటారు, మిషన్ పదిహేను కిలోలే చూపిస్తుంది. ఆ అంకె చూసుకుంటూ పెంచడం ఎవరి మాటలకన్నా బాగా పనిచేస్తుంది.

తర్వాత నేను అందరికంటే ఎక్కువ సమయం పెట్టించే పని ఒకటుంది. ముందు ఒక చిన్న పీట పెట్టి, మంచి కాలిని, అంటే ఎడమ కాలిని, నెమ్మదిగా దాని మీద పెట్టి నెమ్మదిగా తీయమంటాను. ఎడమ కాలు గాల్లో ఉన్నంతసేపూ మనిషి పెట్టుడు కాలి మీదే నిలబడి ఉంటాడు. మొదట్లో ఎడమ కాలు టపీమని పడిపోతుంది. చేతులు గడల్ని పిసికేస్తుంటాయి. క్రమంగా రెండు చేతులు, ఒక చెయ్యి, రెండు వేళ్లు అని పట్టు తగ్గించాలి. ఈ ఒక్కటీ వచ్చిందంటే నడక సగం వచ్చినట్టే.

కొత్తవాళ్ల నడక గమనించండి. పెట్టుడు కాలు పెద్ద అడుగు వేస్తుంది, మంచి కాలు దాని పక్కకి వచ్చి ఆగిపోతుంది. అందరూ "పెట్టుడు కాలు సరిగ్గా వెయ్యి" అంటుంటారు. నేను మంచి కాలిని ముందుకి వేయమంటాను. అది పెట్టుడు కాలిని దాటి ముందుకి పడితే మిగతాది దానంతటదే సర్దుకుంటుంది. నేల మీద సుద్దముక్కతో సమానంగా గీతలు గీసి పెట్టండి. చూపు మాత్రం అద్దంలో ఉండాలి, పాదాల మీద కాదు. ఒళ్లు కుడివైపుకి ఊగుతుంటే తుంటి పక్క కండ బలహీనంగా ఉందని గానీ, సాకెట్ నొప్పి పెడుతోందని గానీ, కాలు పొట్టిగా ఉందని గానీ అనుకోవాలి. వీడియో తీసి చూపిస్తే మేము తేలిగ్గా పోల్చుకుంటాం, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి.

గడల నుంచి వాకర్‌కి, వాకర్ నుంచి చేతికర్రకి. కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి, పెట్టుడు కాలికి ఎదుటి వైపు. దాదాపు అందరూ ఉల్టా పట్టుకుంటారు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పెట్టుడు కాలు ముందు. నేల మీద నుంచి లేవడం ఫిజియో దగ్గర తప్పకుండా నేర్చుకోవాలి. ఎందుకంటే పడటం ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది, అప్పుడు పక్కన మీరు ఉండకపోవచ్చు.

పడేది నడుస్తూ మాత్రమే కాదు. రాత్రి మూత్రానికి లేచినప్పుడు కూడా. నిద్రమత్తులో కాలు ఉందనుకుని దిగుతారు. ఉన్నట్టే అనిపిస్తుంది కాబట్టి అందులో ఆయన తప్పేం లేదు. మంచానికి ఆయన దిగే వైపు వాకర్ అడ్డంగా పెట్టండి. చేతికి తగిలి గుర్తుకొస్తుంది. లేదా మూత్రం డబ్బా మంచం పక్కనే ఉంచండి. బాత్రూంలో ఒంటికాలి మీద గెంతడం ఆపించండి. గోడకి పట్టుకునే రాడ్డు, ప్లాస్టిక్ స్టూలు, వెస్టర్న్ కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ, ఇవి కాలి కంటే ముందు కొనాల్సినవి.

లేని పాదంలో మంట నిజమైన నొప్పి. మెదడులో ఆ పాదానికి ఉన్న చోటు అలాగే ఉంటుంది, అక్కడికి రావాల్సిన కబురు ఆగిపోవడంతో ఇలా జరుగుతుంది. 1990లలో మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ దీనికి అద్దం పద్ధతి తెచ్చారు. రెండు కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టి, ఎడమ పాదాన్ని కదుపుతూ అద్దంలో దాన్నే కుడి పాదంగా చూడటం. కొందరికి బాగా తగ్గుతుంది, ఖర్చు లేదు, రోజుకి పావుగంట చేయించి చూడండి. స్టంపుని మెత్తటి గుడ్డతో, తర్వాత తువ్వాలుతో రుద్దడం, వేళ్లతో చిన్నగా తట్టడం కూడా మంచిదే. చాలామందికి కాలు వేసుకుని నడవడం మొదలయ్యాక ఈ నొప్పి నెమ్మదిస్తుంది. నిద్ర పట్టనంతగా ఉంటే నరాల నొప్పికి మందులున్నాయి, డాక్టర్ని అడగండి. ఒకే చోట నొక్కితే కరెంటు షాక్ కొట్టినట్టుంటే, లేదా స్టంపు ఎర్రగా వేడిగా వాస్తే, అది వేరే సంగతి. వెంటనే చూపించాలి.

కాలు పోయినా సాధించినవాళ్ల వీడియోలు చుట్టాలు పంపిస్తున్నారన్నారు. సుధా చంద్రన్ 1981లో ప్రమాదంలో కాలు పోయాక జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేశారు. అరుణిమా సిన్హా 2013లో ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరంటే నాకు చాలా గౌరవం. కానీ వాళ్లు చిన్న వయసులో, జబ్బు వల్ల కాకుండా గాయాల వల్ల కాలు పోగొట్టుకున్నవాళ్లు. షుగర్ వల్ల రక్తనాళాలు దెబ్బతిన్న పెద్దమనిషికి మోకాలి కింద కాలు పోతే, నడవడానికి మామూలు కన్నా సుమారు నలభై శాతం ఎక్కువ శక్తి కావాలి. ఆయన గుండె ఆ భారం మోయగలదా అన్నది ముందు డాక్టర్ చెప్పాలి. ఛాతీలో బరువుగా ఉన్నా, ఊపిరి అందకపోయినా ఆపేయాలి. ఇంట్లో సొంతంగా తిరగడం, వీధి చివర టీ కొట్టు దాకా వెళ్లిరావడం, పొలం గట్టు మీద కూర్చుని పని చూసుకోవడం ఆయనకి ఇప్పుడు సరైన లక్ష్యాలు. మోకాలు మిగలడం పెద్ద వరం. తొడ దగ్గర తీసినవాళ్లు దీనికంటే చాలా ఎక్కువ కష్టపడతారు.

ఎడమ పాదం గురించి మీరేమీ రాయలేదు. ఇప్పుడు దాని మీదే ఎక్కువ బరువు పడుతోంది, షుగర్ దానికీ ఉంది. రోజూ రాత్రి వేళ్ల సందులు, మడమ, అరికాలు చూడండి. ఆనెలు బ్లేడుతో కోయనివ్వకండి. వేడినీళ్లలో ముంచనివ్వకండి. చిన్న పుండైనా ఆ రోజే చూపించండి. ఒక కాలు పోయినవాళ్లకి కొన్నేళ్లలో రెండోది కూడా పోవడం నేను చాలా ఎక్కువగా చూస్తున్నాను.

ఖరీదైన కాలు ఇప్పుడు వద్దు. స్టంపు ఇంకా సన్నబడుతోంది. లక్షలు పోసిన సాకెట్ కూడా ఆరు నెలల్లో లూజవుతుంది. నొప్పి ఉన్నది సాకెట్‌లో, మీరు డబ్బు పెట్టబోయేది కార్బన్ పాదం మీద. జైపూర్ పాదాన్ని తక్కువగా చూడకండి. 1968లో డాక్టర్ పి.కె. సేథీ, చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మ కలిసి, బూట్లు లేకుండా నడిచే, బాసింపట్టు వేసుకుని కూర్చునే, బురదలో దిగే మన మనుషుల కోసమే చేసిన పాదం అది. పొలానికి వెళ్లే మనిషికి చాలా విదేశీ పాదాల కంటే అదే నయమని నా అభిప్రాయం. స్టంపు కొలత రెండు మూడు నెలలు మారకుండా నిలిచాక, అప్పటికి ఆయన ఎంత నడుస్తున్నారో చూసి, ఇంకా మంచి పాదం, సిలికాన్ లైనర్ గురించి ఆలోచించండి.

ముందుగా కాలు ఇచ్చినవాళ్ల దగ్గరికే వెళ్లి సాకెట్ సరిచేయమని అడగండి. కుదరకపోతే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయిన ప్రొస్థెటిస్ట్ (కృత్రిమ కాళ్లు, చేతులు చేసి బిగించే నిపుణుడు) దగ్గరికి వెళ్లండి, ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడిగే హక్కు మీకుంది. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రిలో కృత్రిమ అవయవాల విభాగం ఉంది. కాన్పూర్ అలిమ్కో సంస్థ తయారుచేసే పరికరాలు, వికలాంగులకి సాయపడే కేంద్రం అడిప్ పథకం కింద ఇస్తారు, ఆదాయ పరిమితి ఉంటుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇంకా తీసుకోకపోతే ఈ లోపు దరఖాస్తు పెట్టండి, పింఛనుకి కూడా అవే అడుగుతారు.

వెళ్లేటప్పుడు మధ్యాహ్నం తర్వాత వెళ్లండి, అప్పటికి స్టంపు దిగి అసలు లూజు ఎంతో తెలుస్తుంది. ఆయన ఇంట్లో వేసుకునే చెప్పులు, బయటికి వేసుకునేవి, ఉన్న సాక్స్ అన్నీ పట్టుకెళ్లండి. నిక్కరు గానీ లుంగీ గానీ కట్టించండి, ప్యాంటుతో వస్తే నడకలో మోకాలు మాకు కనపడదు. నొప్పి ఉన్న చోట ఇంట్లోనే పెన్నుతో చర్మం మీద గుర్తు పెట్టి తీసుకెళ్లండి. సరిచేసిన వెంటనే బయల్దేరకుండా అక్కడే అరగంట నడిపించి, విప్పి, స్టంపు చూపించి, అప్పుడు బయల్దేరండి.